చప్పిడి చేపనీళ్ళు

ఇప్పుడు మా ల్యాబ్‌కి మీడియా అంతా రెడీమేడ్‌గా వస్తుంది. ప్లాస్టిక్ ప్లేట్లలో పోసి, సీలు వేసి, అట్టపెట్టెలో సర్ది పంపిస్తారు. మూత తీసి, శాంపిల్ గీసి, ఇంక్యుబేటర్‌లో పెట్టేయడమే మా పని. సూక్ష్మజీవులకి పెట్టే ఆ తిండిని ఒకప్పుడు మేమే వండేవాళ్ళమని నా దగ్గర పనిచేసే పిల్లలతో అంటే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నిజంగానే వండేవాళ్ళం, గిన్నెలో, కిరసనాయిలు స్టవ్ మీద. ఆ వాసన తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆకలీ వేస్తుంది, ఏడుపూ వస్తుంది.

రెండువేల మూడు, నాలుగు నాటి మాట. అనకాపల్లిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేదాన్ని. కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మేడ మీద రెండు గదులు, అంతే. కింద బెల్లం గోడౌన్. లారీలు వచ్చిన రోజున మెట్లెక్కేసరికి చెప్పులకి బెల్లం అంటుకుని చప్పుడు చేసేవి. ఒక గదిలో పాఠం, రెండో గదిలో ప్రాక్టికల్. పదిమందిమి ఉండేవాళ్ళం.

మైక్రోబయాలజీ చెప్పే సార్ ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ముక్కు మీద కోపం, ముక్కులో నశ్యం. ఆ నశ్యం వల్ల ఆయనకి వాసనలు తెలిసేవి కావు. స్పిరిట్ సీసాని, నీళ్ళ సీసాని ఆయన ఎదురుగా పెడితే లేబుల్ చూసే చెప్పేవారు. అందుకేనేమో, లేబుల్ అంటే ఆయనకి ప్రాణం. ఏ ఫ్లాస్కు మీదైనా తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, లోపల ఏముందో, ఏ రోజు చేశారో, ఎవరు చేశారో రాయాలి. రాయకపోతే ఎంత కష్టపడి చేసినదైనా సింకులో పోసేసేవారు. “పేరు లేనిదాన్ని నమ్మకూడదు” అనేవారు.

మొదటి రోజు పాఠం ఆయన పుస్తకంలోంచి చెప్పలేదు. కిటికీలోంచి కిందికి చూపించారు.

“ఆ గోడౌన్‌లో దిమ్మలు చూడండి. ఈగలు ముసురుతాయి, చీమలు పడతాయి, హమాలీల చెమట పడుతుంది. మరి కుళ్ళదేం?”

రావికమతం నుంచి వచ్చే అమ్మాయి, నా పక్కన కూర్చునేది, ధైర్యం చేసింది. “తీపి కద సార్, పురుగులకి ఇష్టముండదేమో.”

సుద్దముక్క వచ్చి దాని పుస్తకం మీద పడింది. “పురుగులు కాదు! పురుగు కంటికి కనిపిస్తుంది. ఇది కనిపించదు. సూక్ష్మజీవి అను, బాక్టీరియా అను, పురుగు అన్నావంటే బయటికి పంపిస్తాను.” తర్వాత బోర్డు మీద నాలుగు మాటలు రాశారు: తిండి, తేమ, వెచ్చదనం, వేళ. ఈ నాలుగూ కుదిరితే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, తెల్లారేసరికి లెక్క తప్పుతుంది. బెల్లంలో తిండి కావలసినంత ఉంది గాని తేమ అందదు. పైగా అంత తీపి బాక్టీరియా ఒంట్లో నీటినే బయటికి లాగేస్తుంది. “అన్నం దొరికినా నీళ్ళు దొరకని మనిషి పరిస్థితి” అన్నారు. ఆ ఒక్క పాఠంతో ఆ సబ్జెక్టు మీద నాకు ప్రేమ పుట్టింది. మిగతా పాఠాలన్నీ దాని వెనకే వచ్చాయి.

నా సంగతి చెప్పాలి. మాది రాంబిల్లి వైపు సముద్రపు ఒడ్డున ఒక పల్లె. నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ చేపలు అమ్మేది. తెల్లవారుతూనే గంప ఎత్తుకుని, మిగతా ఆడవాళ్ళతో కలిసి ఆటో ఎక్కి, అనకాపల్లి మార్కెట్ రోడ్డులో చెప్పుల కొట్టు పక్కన కూర్చునేది. నేను ఎనిమిదింటి బస్సుకి బయల్దేరేదాన్ని. ఇద్దరం ఒకే ఊరికి వెళ్ళేవాళ్ళం, ఒకే ఊరి నుంచి తిరిగొచ్చేవాళ్ళం, ఎప్పుడూ కలిసి వెళ్ళలేదు. అలా కలవకుండా చూసుకున్నది నేనే.

క్లాసులో ఎవరైనా ముక్కు చిట్లిస్తే చాలు, నా ఒంటి నీసు వాసన వల్లేననుకునేదాన్ని. గంధం సబ్బుతో రెండుసార్లు రుద్దుకునేదాన్ని. నిమ్మచెక్కతో గోళ్ళు తోముకునేదాన్ని. బస్టాండు నుంచి కాలేజీకి మార్కెట్ రోడ్డే దగ్గర దారి. నేను మాత్రం చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. మీ వాళ్ళేం చేస్తారంటే “బిజినెస్” అనేదాన్ని. ఆ మాట ఎంత బాగా పనికొచ్చేదో!

ఒకరోజు ఆ రావికమతం పిల్లే నా చెయ్యి పట్టుకుని మార్కెట్ రోడ్డులోకి లాక్కెళ్ళింది, దానికి జడపిన్నులు కావాలట. చెప్పుల కొట్టు దగ్గరికి వచ్చేసరికి అమ్మ లేచి నిలబడింది. ముఖమంతా నవ్వు.

“అమ్మీ! ఇటొచ్చేవేటే? ఏటైనా తిన్నావా?”

నేను ఆగలేదు. నాలుగడుగులు దాటాక నా స్నేహితురాలు వెనక్కి తిరిగి చూస్తూ అడిగింది. “ఎవరే ఆవిడ?”

“మా ఇంటికి చేపలిచ్చే ఆవిడ.”

మెల్లగానే అన్నాననుకున్నాను. కాని వెనక్కి చూసేసరికి అమ్మ ఇంకా నిలబడే ఉంది, నవ్వు మాత్రం లేదు. విన్నది. ఆ సాయంత్రం ఇంట్లో ఎప్పటిలాగే అన్నం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఎప్పుడైనా ఆ రోడ్డున వెళ్ళాల్సి వస్తే, నన్ను చూసి అమ్మే తల దించుకుని చేపల మీద నీళ్ళు చల్లుకునేది.

ఫైనల్ ప్రాక్టికల్ పరీక్షకి పదిహేను రోజులుందనగా మీడియా డబ్బా మూత ఎవరో సరిగ్గా పెట్టక, పొడి అంతా తేమ పీల్చి రాయైపోయింది. కొత్తది వైజాగ్ నుంచి తెప్పించేసరికి పరీక్ష అయిపోతుంది. సార్ కాసేపు అందర్నీ తిట్టి, నశ్యం పీల్చి, శాంతించారు.

“మేం నేర్చుకున్నప్పుడు ఈ డబ్బాలెక్కడివి? మాంసం ఉడికించిన నీళ్ళు, దాన్ని గడ్డకట్టించడానికి అగార్. అగార్ అంటే మీ కిరాణా కొట్లో దొరికే చైనాగ్రాసే.” నా వైపు తిరిగారు. “నువ్వు రాంబిల్లి వైపు నుంచి కదూ? చేప తలకాయలు, ముళ్ళు దొరుకుతాయా? వాటిని ఉడకబెట్టి, ఆ నీళ్ళు తీసుకురా. చిటికెడు ఉప్పు, అంతే. చప్పిడిగా ఉండాలి.”

“మా ఇంటికి చేపలిచ్చే ఆవిడ ఉంది సార్. తలకాయలు అడిగి, నేనే వండి తెస్తాను” అన్నాను. ఒకసారి ఆడిన అబద్ధాన్ని రెండోసారి ఆడటం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో గంప కడుక్కుంటోంది. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పాను. “మా సారు సేప ఉడకబెట్టిన నీళ్ళు తెమ్మన్నారు. రేపు పొద్దున్నకి గావాల.”

“అలగే” అంది అమ్మ. ఎందుకని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను లేచేసరికి అమ్మ వెళ్ళిపోయింది. పొయ్యి పక్కన స్టీలు కేను, మూతకి గుడ్డ కట్టి ఉంది.

కాలేజీలో మూత తీశాను. వెల్లుల్లి వాసన గుప్పుమంది. రావికమతం పిల్ల కేనులోకి తొంగిచూసి, “ఏటే, ఇంత కమ్మగుంది? అన్నముంటే బాగున్ను” అంది. దాన్ని మోచేత్తో పొడిచి, నీళ్ళని గుడ్డలో వడగట్టేశాను. సార్ ముక్కు దగ్గర పెట్టుకుని చూసినా ఆయనకేం తెలుస్తుంది?

“నువ్వే చేశావా?”

“నేనే సార్.”

“ఉప్పు తప్ప ఏం వెయ్యలేదు కదా?”

“లేద్సార్.”

ప్లాస్టరు ముక్క మీద నా పేరు రాసి అంటించాను. చైనాగ్రాస్ కలిపి, ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి ఉడికించి, గాజు ప్లేట్లలో పోశాం. సరిగ్గా గట్టిపడలేదు. ప్లేటు కదిపితే వణికింది. కొట్టువాడు పాత సరుకిచ్చాడని సార్ తిట్టుకున్నారు. ఏం గీయాలా అని ఆలోచించి, తప్పకుండా పెరగాలని గోడౌన్ ముందు మురిక్కాలువ నీళ్ళు తెప్పించారు. పదిమందిమీ పది ప్లేట్లు గీసి, బల్బు వేలాడదీసిన చెక్కపెట్టెలో పెట్టాం. అదే మా ఇంక్యుబేటర్.

మర్నాడు తీస్తే ఒక్క చుక్క పెరగలేదు. ఇంకో రోజు ఆగారు. అప్పుడూ లేదు. మురిక్కాలువ నీళ్ళు గీస్తే ఏమీ పెరగకపోవడం ఆయన సర్వీసులో చూడలేదట.

కోపం ఎవరి మీదైనా పడాలి కదా, రావికమతం పిల్ల మీద పడింది. శాంపిల్ గీసే తీగల్ని, అంటే లూపుల్ని, మంటలో కాల్చి మాకు అందించే పని దానిది. కాల్చిన తీగని చల్లారనివ్వకుండా ముంచితే బాక్టీరియా చచ్చిపోతుంది. ఒకసారి అలా సుయ్యిమనిపించి తిట్లు తిన్నది కూడా.

“పదింటినీ నువ్వే కాల్చి చంపావు. నీ చేతికి ఓపిక లేదు. రేపట్నుంచి ల్యాబ్‌లో అడుగుపెట్టకు.”

“చల్లారినాకే ఇచ్చేను సార్” అని అది ఏడుస్తూనే ఉంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వెల్లుల్లి వాసన నా ముక్కులోనే ఉంది. నోరు తెరవలేదు. నా మీద నాకు ఇప్పటికీ కోపం వచ్చే విషయాల్లో అది మొదటిది.

సార్ తిట్టి ఊరుకునే రకం కాదు. మధ్యాహ్నం ఫ్లాస్కులో మిగిలిన దాంట్లో లిట్మస్ కాగితం ముంచారు. ఎర్రబడింది. నన్ను పిలిచారు.

“పుల్లగా ఉంది ఇది. ఏం వేశావు?”

“తెలీదు సార్.”

“తెలీదా? లేబుల్ మీద నీ పేరుంది. నువ్వు చేసినదాంట్లో ఏముందో నీకు తెలీదంటే, నువ్వది చేసి ఉండవు, లేదా అబద్ధమాడుతున్నావు. రేపు పొద్దుటికి అందులో ఏమేం ఉన్నాయో రాసి తీసుకురా. లేదంటే నీ రికార్డు మీద సంతకం పెట్టను.” సంతకం లేకపోతే పరీక్షకి రానివ్వరు. పరీక్ష లేకపోతే రెండేళ్ళూ నీళ్ళలో పోసినట్టే.

ఇంటికెళ్ళి అమ్మని అడిగాను. అడిగానా, మీద పడ్డాను.

“ఆ నీళ్ళల్లో ఏటేసేవు?”

“ఏటేసేను, ఏసేదే ఏసేను. కాసింత సింతపండు, ఎల్లుల్లి, మిరియాలు, ఉప్పు. ఏటే, మీ సారుకి నచ్చనేదా?”

“సారుకి నచ్చడమేటి?”

“ఆయనకి ఒంట్లో బాగోనేదు గదా?”

అప్పుడు నాకు అర్థమైంది. మా పల్లెలో చేప ఉడికించిన నీళ్ళు ఎవరు అడుగుతారు? జ్వరం పడి లేచినవాళ్ళు, పురిటి మంచం మీద ఉన్నవాళ్ళు. కూతురు చదువుకునే చోట పెద్దాయనకి జబ్బు చేసిందనుకుంది అమ్మ. వంజరం తలకాయ, అమ్మితే మంచి ధర పలికేది, పక్కన పెట్టి మరీ చారు కాచింది.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక అంతా చెప్పాను. మీడియా సంగతి, ప్లేట్ల సంగతి, స్నేహితురాలి మీద పడ్డ నింద, సంతకం. అబద్ధాల సంగతి మాత్రం చెప్పలేదు. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని విన్నది.

“మరి ఆ ముక్క ముందే సెప్పాల గదే. సప్పిడి నీళ్ళు పంపితే ఎలగుంటాదని…” అని ఆగిపోయింది.

మర్నాడు కాగితం మీద నాలుగు పేర్లు రాసుకుని సార్ బల్ల ముందు నిలబడ్డాను. రావికమతం పిల్ల గది బయట వరండాలో కూర్చుని ఉంది. సార్ కాగితం చదువుతుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. అమ్మ. చెప్పులు విడిచి, తలుపు అవతలే నిలబడింది. చేతిలో అదే స్టీలు కేను. గంప ఎవరికి అప్పజెప్పి వచ్చిందో! నా వైపు చూడలేదు. సార్‌నే చూస్తూ అంది:

“బాబూ, నేను ఆళ్ళింటికి సేపలిచ్చేదాన్ని. మొన్నటిది నా తప్పే. ఈ పాపకేటీ తెల్దు. ఇది సప్పిడి నీళ్ళు, ఉప్పు కూడా సిటికెడే ఏసేను.”

ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో చెప్పలేను. నా అబద్ధాన్ని నాకంటే జాగ్రత్తగా కాపాడుతోంది. ఆ ఒక్క మాట కోసం దారి పొడుగునా తనలో తను అనుకుంటూ వచ్చి ఉంటుంది.

“లోపలికి రామ్మా” అన్నారు సార్.

“వద్దు బాబూ, నీసొత్తాది.”

“నాకు ముక్కు పనిచెయ్యదులే, రా.”

అమ్మ వచ్చి గోడవారగా నిలబడింది. సార్‌లో కోపం పోయి మేష్టారు బయటికొచ్చాడు. “మీ ఇంట్లో చేపల పులుసు ఎన్నాళ్ళు నిలవుంటుంది?”

“మూడ్రోజులుంటాది బాబూ. రోజుకోపాలి మరగెడతాం గదా.”

“రోజూ ఎందుకు? ఒకసారి బాగా మరిగిస్తే చాలదా?”

“సాలదు. ఒకపాలి మరగెడితే పైకి సచ్చినట్టుంటాది గాని, లోపల ఇంకా ఏటో ఉంటాది. మర్నాటికి లేత్తాది. లేసినాక మళ్ళీ మరగెడితే అప్పుడు సత్తాది.”

సార్ బల్ల మీద చెయ్యి కొట్టారు. వరండాలో ఉన్న పిల్లతో సహా అందర్నీ లోపలికి పిలిచారు. “విన్నారా? మొదటిది ఈ కాగితంలోనే ఉంది. పులుపు, ఉప్పు, వెల్లుల్లి, వీటి మధ్య బాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. అందుకే మన ప్లేట్లు ఖాళీ. నీ లూపుది తప్పు కాదమ్మా, ఏడవకు. ఇక రెండోది. కొన్ని బాక్టీరియాలు స్పోర్ అనే గట్టి పెంకు కట్టుకుని మరిగే నీళ్ళని కూడా ఓర్చుకుంటాయి. చల్లారాక పెంకు విప్పుకుని లేస్తాయి. అలా లేచాక మర్నాడు మరిగిస్తే చస్తాయి, మిగిలినవి మూడో రోజు చస్తాయి. దీనికి పుస్తకంలో పెద్ద ఇంగ్లీషు పేరుంది, నేను మీకు మూడు క్లాసులు చెప్పాను, ఒక్కరికీ ఎక్కలేదు. ఈవిడ మూడు ముక్కల్లో చెప్పింది.”

అమ్మకి సగం అర్థమైందో లేదో. మెచ్చుకుంటున్నారని మాత్రం తెలిసి, చెంగు సర్దుకుంది.

“ఫ్లాస్కులో పొయ్యి. లేబుల్ వెయ్యి” అన్నారు సార్ నాతో. “ఎవరు తయారుచేశారో వాళ్ళ పేరు. ఈసారి నిజం రాయి.”

ప్లాస్టరు చింపాను. గదిలో పదిమంది ఉన్నారు, సార్ ఉన్నారు, రెండేళ్ళ ‘బిజినెస్’ ఉంది. చేపనీళ్ళు అని రాశాను, తేదీ వేశాను. తయారుచేసినవారు అన్నచోట, పెద్ద అక్షరాలతో, ‘అమ్మ’ అని రాశాను. ఫ్లాస్కుకి అంటించి, అందరికీ కనిపించేటట్టు బల్ల మధ్యలో పెట్టాను.

అమ్మకి చదువు రాదు. మా పల్లెలో సాయంత్రం బడి పెట్టినప్పుడు నాలుగు రోజులు వెళ్ళింది. వాచకంలో ‘అమ్మ’, ‘ఆవు’ దగ్గరే ఆపేసింది. ఆ రెండు మాటల్లో ఒకటి ఇప్పుడు ఎదురుగా ఉంది. దాని మీద అమ్మ చూపు ఆగింది, పెదాలు కదిలాయి. సార్‌కి దణ్ణం పెట్టి, ఖాళీ కేను తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. బేరం పోతుందని కాబోలు, గబగబా.

సార్ నా రికార్డు తెరిచి సంతకం పెట్టారు. నేను రావికమతం పిల్ల దగ్గరికి వెళ్ళి, “నా వల్ల నువ్వు తిట్లు తిన్నావే” అన్నాను. అది ఇంకా ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. “తిట్లకేటిలే. ఆవిడ మీ అమ్మని నాకు ఆ రోజే తెలుసు. ఇద్దరికీ ముక్కు ఒక్కలాగే ఉంది. నువ్వే సెప్తావని ఊరుకున్నాను” అంది.

అమ్మ తెచ్చిన నీళ్ళతో ప్లేట్లు పోసి మళ్ళీ గీశాం. ఆ మర్నాడు పది ప్లేట్లలోనూ గీతల వెంట తెల్లగా, పచ్చగా చుక్కలు పెరిగాయి. పరీక్ష పాసయ్యాను. ఆ ప్లాస్టరు ముక్కని మాత్రం ఫ్లాస్కు కడిగే ముందు జాగ్రత్తగా ఊడదీసి, రికార్డు చివరి పేజీలో అంటించుకున్నాను. ఇప్పటికీ ఉంది. చేప వాసన ఎప్పుడో పోయింది, నేనే అప్పుడప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను.

లేబుల్ రాసిన ఆ రోజు సాయంత్రం నేను మొదటిసారి నా అంతట నేనే మార్కెట్ రోడ్డు మీదుగా వచ్చి, అమ్మతో కలిసి ఆటో ఎక్కాను. ఖాళీ గంప నా ఒళ్ళో పెట్టుకున్నాను. అచ్యుతాపురం దాటాక అమ్మే, రోడ్డు వైపు చూస్తూ, మెల్లగా అంది.

“సేపలిచ్చే ఆవిడని రాయనేదేటే?”

“అంత పొడుగు పేరు ఆ ప్లాస్టరు మీద పట్టదమ్మా” అన్నాను.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే నా ఒళ్ళోంచి గంప లాక్కుంది, బట్టలు పాడవుతాయని. నేను మళ్ళీ లాక్కున్నాను.